రాంపురం పాఠం, ధర్మవరం లెక్క

సమస్యను ముందుంచి, దాన్ని విప్పుతుండగా పాఠం నేర్పే పద్ధతికి పేరు తెచ్చింది వైద్యవిద్య. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థుల ముందు ఉపన్యాసానికి బదులు రోగి కేసు పెట్టింది. తర్వాత అమెరికాలో బక్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని హైస్కూలు అర్థశాస్త్రానికి మలిచింది. మనకూ ఇది మరీ పరాయిదేం కాదు. 1937 వార్ధా సదస్సులో గాంధీజీ చేతిపని చుట్టూనే చదువు సాగాలన్నారు. ఆ మాట బడిగంటల మధ్య నలిగిపోయింది. అర్థశాస్త్రమంటే బట్టీ పట్టాల్సిన నిర్వచనాలే అయ్యాయి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చాక గాలి మారింది. 2014లో మన ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సాంఘికశాస్త్రంలో రాంపురం గ్రామ ఆర్థిక వ్యవస్థ పాఠమైంది. భూమి, కూలి, పెట్టుబడి ఒక ఊరి కథగా రావడం మంచి మలుపే. అయితే ఆ ఊరు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌ది. ఏటా 550 మిల్లీమీటర్ల వాన చుట్టూ బతుకు తిరిగే రాయలసీమలోని పెనుకొండ పిల్లలు గంగా మైదానం సేద్యం చదివారు. వాళ్లింట్లో మాట చెనక్కాయ పంట పోవడం గురించి.

ఇక్కడ సమస్యలకు కరువా? హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, రోజుకో ధర. ధర్మవరం చేనేత పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది, అయినా పక్క వీధిలో మరమగ్గం మోగుతోంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైంది. మాస్టర్ వీవర్ దగ్గర కూలికి నేసే కుటుంబం మగ్గం మీదే ఉండాలా, మరమగ్గానికి మారాలా, కొడుకును ఫ్యాక్టరీకి పంపాలా? ఈ ఒక్క ప్రశ్నతో కూలి, అప్పు, గిరాకీ, చట్టం అన్నీ తరగతిలోకి వస్తాయి. ముందే రాసిపెట్టిన జవాబు ఉండదు, ఉపాధ్యాయుడి దగ్గర కూడా.

ఆ 2014 సాంఘికశాస్త్రం పుస్తకంలో ఇలాంటి ప్రశ్నకు చోటుంది: ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన – ప్రశ్నించడం’ ఒక విద్యాప్రమాణంగా ఉండేది. ప్రాజెక్టులకూ మార్కులిచ్చారు. గైడు చూసి ఎక్కించిన ప్రాజెక్టులెన్నో, అది వేరే సంగతి. 2019లో రాష్ట్రం పదో తరగతిలో ఆ 20 అంతర్గత మార్కులను ఎత్తేసింది. 2024-25 నుంచి పదో తరగతికీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలొచ్చాయి; పదిలోని రాంపురానికి బదులు తొమ్మిదిలో పాలంపూర్ వచ్చింది, అదీ ఉత్తరాది ఊరే.

పద్ధతి మన దగ్గర ఓడిపోలేదు. దాన్ని పరీక్ష దాకా రానివ్వలేదు, అంతే.