వెల లేని కాగితం

కోయంబత్తూరు దగ్గరి అన్నూరులో మా నాయుళ్ల వీధి ఒక పక్క, అరుంధతీయుల కాలనీ ఇంకో పక్క. రెండుచోట్లా ఇంట్లో మాట తెలుగే, రాత మాత్రం అరవం. విజయనగరం సేనల వెనకాల వచ్చామనీ, మధుర నాయకుల కాలంలో ఈ మెట్టనేలలు చేసుకున్నామనీ మా తాతలు గొప్పగా చెప్పుకునేవాళ్లు. కాలనీవాళ్ల తాతలు ఎలా వచ్చారో మా ఇళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. వాళ్లు కుట్టిన మోట తోలు లేకపోతే మా బావుల్లో నీళ్లు బావుల్లోనే ఉండేవి.

నాకు కవిత్వం రుచి తగిలింది కోయంబత్తూరులో, ‘వానంబాడి’ పత్రికతో. 1971లో మొదలైంది. అమ్మకానికి కాదు, వెల లేని కవితాపత్రం అని దాన్ని నడిపిన కవులే వేసుకున్నారు. పువియరసు, జ్ఞాని, సిర్పి బాలసుబ్రమణ్యం, ముల్లై ఆదవన్... వీళ్లలో చాలామంది పాఠాలు చెప్పుకునేవాళ్లు. ఛందస్సు పక్కనపెట్టి మనిషిని పాడతామన్నారు. అప్పటికి హైదరాబాదులో దిగంబర కవులు తమ తొలి సంపుటాన్ని రిక్షా తొక్కే నాంపల్లి పాండు చేత విడుదల చేయించి ఆరేళ్లు, విరసం పుట్టి ఏడాది. వాళ్ల నోట నిప్పు. మా వానంబాడి కవుల నోట మాత్రం, కోపం ఉన్నా, రేపటి మీద నమ్మకమే ఎక్కువ. నాకు అదే నచ్చింది, నచ్చిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆ రోజుల్లోనే శివగంగ కాలేజీ అధ్యాపకుడు మీరా ప్రేమను వచనకవితలుగా రాసిన పుస్తకం వచ్చింది. కుర్రాళ్లు అందులోంచి ప్రేమలేఖల్లోకి ఎత్తిరాసేవాళ్లు. అధ్యాపకుల పోరాటాల్లో ముందు నిలిచిన మనిషి ఇంత మెత్తగా ఎలా రాశాడని మా పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. మిల్లుల ఊళ్లో పెరిగిన నాకు అందులో వింత కనబడలేదు. 1888లో తొలి మిల్లు పెట్టిన ఊరు ఇది. 1946 జనవరి 8న చిన్నియంపాళయం మిల్లు కార్మికులు నలుగురిని ఉరితీశారు: రామయ్యన్, రంగణ్ణన్, వెంకటాచలం, చిన్నయ్యన్. మా నాయన ఆ పేర్లు వరస తప్పకుండా చెప్పేవాడు, చెప్పాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అలాంటి ఇంట్లో ఆశ అనేది కులాసా కబురు కాదు.

అయితే వానంబాడుల మీద నా ఫిర్యాదు నాకుంది. మానవుణ్ణి పాడారు బాగానే, పక్క కాలనీ మనిషిని ఎంత చూశారు? తెల్లారకముందే చీపురు పట్టుకుని కోయంబత్తూరు వీధుల్లో దిగేవాళ్లు ఎక్కువగా అరుంధతీయులే, తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్ల బతుకు కవిత్వంలోకి రావడానికి మదివణ్ణన్ లాంటి అరుంధతీయ కవులు కలం పట్టాల్సివచ్చింది. ఆయన కవితలు రాసి ఊరుకోలేదు, ఎస్సీ రిజర్వేషన్‌లో తమవాళ్ల వాటా గురించి వాదిస్తూ వ్యాసాలూ రాశాడు. పోరాటాల మీద పోరాటాలు చేశాక, 2009లో తమిళనాడు ప్రభుత్వం 18 శాతం కోటాలో 3 శాతం అరుంధతీయులకు విడిగా ఇచ్చింది. ఉపవర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2024 ఆగస్టు 1న చెప్పింది. ఆంధ్రలో, తెలంగాణలో మాదిగ దండోరా ఎన్నేళ్లు మోగిందో మీకు తెలుసు కదా, అదే మాట ఇక్కడ వేరే గొంతుతో సాగింది.

ప్రేమ సంగతికొస్తే, కోయంబత్తూరు చుట్టుపక్కల మా కొంగునాట అది కవితల్లో ఆగలేదు. 2016 మార్చి 13న ఉడుమలపేట బస్టాండు దగ్గర పట్టపగలు శంకర్ అనే దళిత యువకుణ్ణి నరికేశారు, కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు. బతికిన భార్య కౌసల్య కులానికి ఎదురు నిలిచి ఊరూరా మాట్లాడింది. ఆ తరవాత ప్రేమ కవిత రాసే కుర్రాడికి ఇక్కడ వెన్నెల ఒక్కటే సరిపోవడం లేదు, కులం పేరు కూడా రాయాల్సివస్తోంది. మా వీధి పెద్దలకు ఆ కవిత్వం చేదుగా ఉంది. ఉండనీ. తోలుమోట కుట్టినవాళ్ల మనవళ్లు ఈ ప్రేమ గురించీ, ఆ 3 శాతం గురించీ రాస్తున్నారు, అరవంలోనే. నేను అరవంలోనే చదువుకుంటున్నాను.