వెదురు కోసిన చేతులు, కెమికల్ పీజీ దరఖాస్తులు



కాగజ్‌నగర్ మీదుగా రైల్లో వెళ్ళిన వాళ్ళందరికీ సిర్పూర్ పేపర్ మిల్లు పొగగొట్టం గుర్తుంటుంది. 1938లో స్థాపించిన ఆ మిల్లులో 1942లో కాగితం తయారీ మొదలైంది. దానికి కావలసిన వెదురు మన అడవుల నుంచే వెళ్ళింది. కోసి, మోపులు కట్టి, బండ్లకెత్తిన వాళ్ళలో మన తాతలున్నారు. ఆ వెదురును ముక్కలు చేసి, కాస్టిక్ సోడాలాంటి రసాయనాలతో ఉడికించి, గుజ్జు తీసి, మిగిలిన నల్లని ద్రావణాన్ని మండించి అందులోని రసాయనాలను మళ్ళీ రాబట్టే విద్య మాత్రం బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతిలో ఉండేది. ఆ విద్యే కెమికల్ ఇంజినీరింగ్. మన పిల్లలు ఆ విద్యలో పీజీకి దరఖాస్తు పెట్టే రోజు దాకా నడిచిన దారి ఏమిటో ఈ తరం తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఈ శాస్త్రం అంత పాతదేమీ కాదు. 1887లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జార్జ్ డేవిస్ దీనిపై ఉపన్యాసాలిచ్చారు. మరుసటి ఏడాది అమెరికాలో ఎంఐటీ ఒక డిగ్రీ కోర్సు ప్రారంభించింది. 1915లో ఆర్థర్ లిటిల్ అనే ఇంజినీరు ఒక ముఖ్యమైన మాట చెప్పారు. పరిశ్రమ ఏదైనా సరే, అందులో జరిగేవి వేడిచేయడం, ఆవిరిచేయడం, వడకట్టడం, ఆరబెట్టడం వంటి కొన్ని పనులేనని, వాటిని నేర్చుకుంటే చాలునని దాని సారం. ఆ పనులనే యూనిట్ ఆపరేషన్స్ అన్నారు. పులిసిన ఇప్పపువ్వును కుండలో మరిగించి, పైన చన్నీళ్ళ పాత్ర పెట్టి, ఆవిరిని బొట్లుగా పట్టడం మన పెద్దలకు తెలిసిన పని. పుస్తకం దాన్ని డిస్టిలేషన్ అంటుంది. తాగమని చెప్పడం లేదు తమ్ముళ్ళూ! ఆ పాఠం మీకు కొత్త కాదని చెబుతున్నాం.

మన దేశంలో 1921లో జాదవ్‌పూర్‌లో హీరాలాల్ రాయ్ ఈ విద్యకు పునాది వేశారు. 1933లో బొంబాయిలో రసాయన సాంకేతిక విభాగం వచ్చింది. అదే దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ కెమికల్ టెక్నాలజీ బోధన మొదలైంది. అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పేరు పెట్టారు. ఆయన ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. జయపురం సంస్థానం ఉన్నది కోరాపుట్ కొండల్లో. కొండ రైతులు కట్టిన శిస్తు కూడా ఆ సంస్థానం ఖజానాలోకే చేరేది. అంటే ఆ తరగతి గదుల్లో మన చెమట ముందే ఉంది. మన పిల్లలు అడుగుపెట్టడమే ఆలస్యమైంది.

ఎందుకు ఆలస్యమైందో చెప్పాలంటే మార్లవాయి దగ్గరికి రావాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, మన బాధలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. కాగజ్‌నగర్‌లో కాగితం తయారైన మరుసటి ఏడాది మనకు అక్షరం మొదలైంది!

ఆ తర్వాత తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1948-49లో షెడ్యూల్డు తెగలకు వర్తించింది. మద్రాసు రాష్ట్రంలో వైద్య, ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపును 1951లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) అధికరణం వచ్చింది. 1973లో ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ మొదలైంది. 2006 చట్టం కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఖాయం చేసింది. తెలంగాణలో 2022లో మన వాటా 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఇవేవీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ప్రతి తేదీ వెనుకా అడిగినవాళ్ళున్నారు.

తలుపు తెరిచి ఉన్నా గడప దగ్గర ఆగిపోయేవాళ్ళున్నారు. మా హాస్టల్లో చదువుకుని బి.టెక్ కెమికల్ పూర్తిచేసిన ఒక అమ్మాయి కొన్నేళ్ళ కిందట గేట్ రాయాలనుకుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక స్పెల్లింగుతో, కుల ధ్రువీకరణ పత్రంలో మరో స్పెల్లింగుతో ఉంది. సవరణ కోసం తిరుగుతుండగానే ఆఖరు తేదీ దాటిపోయింది. పూర్తి ఫీజు కట్టి జనరల్‌లో అయినా రాయవచ్చని ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. హాస్టల్లో చేర్చుకున్న రోజే ఆ రెండు కాగితాలు పక్కన పెట్టి చూడవలసింది మేము. చూడలేదు. ఆమె ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. పీజీ మాట ఎత్తితే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు మాకు గుచ్చుకుంటుంది. అప్పటి నుంచి ఎనిమిదో తరగతిలోనే పిల్లల కాగితాలన్నీ సరిచూస్తున్నాం.

అందుకే దరఖాస్తు సంగతులు కూడా చరిత్రలో భాగంగానే చెబుతున్నాం. గేట్ నోటిఫికేషన్ మామూలుగా వానాకాలంలో వస్తుంది, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. ఎస్టీలకు, అమ్మాయిలకు ఫీజు సగమే. జనరల్ అర్హత మార్కులో మూడింట రెండు వంతులు వస్తే ఎస్టీ అభ్యర్థి అర్హత పొందుతాడు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. పరీక్ష పాసైతే సీటు ఇంటికి రాదు. ఐఐటీలకు ఒక్కొక్కదానికీ విడిగా దరఖాస్తు పెట్టాలి, కోప్ అనే పోర్టల్‌లోనూ నమోదు కావాలి. వరంగల్లు లాంటి ఎన్‌ఐటీలకు సీసీఎంటీ కౌన్సెలింగు వేరు. ఇది తెలియక మంచి స్కోరు ఉండి కూడా ఇంట్లో కూర్చునే ప్రమాదం ఉంది. గేట్ అర్హతతో ఎం.టెక్‌లో చేరినవారికి నెలకు రూ.12,400 స్టైపెండ్ ఉంది. విదేశాలకు వెళ్ళాలనుకునే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 20 ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. అందులో 3 ఆదిమ తెగలవారికే. కొలాం, తోటి పిల్లలూ, ఆ మూడు మాట గుర్తుంచుకోండి.

అశ్వాపురం భారజల కర్మాగారం, సారపాక పేపర్ మిల్లు, కాగజ్‌నగర్ మిల్లు, ఈ మూడూ మన ప్రాంతాల్లోనే ఉన్నాయి. మూడూ కెమికల్ ఇంజినీర్లతో నడిచేవే. మిల్లు వదిలే నీళ్ళు మన వాగులో కలిస్తే అందులో ఏముందో లెక్కగట్టి చెప్పగలిగేదీ ఆ చదువే. 2014లో మూతపడిన సిర్పూర్ మిల్లు 2018లో మళ్ళీ తెరుచుకుంది. అది మూతపడినప్పుడు ఎందుకు మూతపడిందో, ఎలా నడపవచ్చో చెప్పే స్థానంలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారని మాలో మేము ప్రశ్నించుకున్నాం. జవాబు మీ దరఖాస్తుల్లో ఉంది.

ఈ రాత్రే ఒక పని చేయండి. మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ మూడూ ముందు పెట్టుకుని మీ ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే రేపే మీ వార్డెన్ దగ్గరికి వెళ్ళండి. మార్లవాయిలో మొదటి అక్షరం దిద్దిన తాతలకు మనం ఇవ్వగలిగిన గౌరవం అక్కడ మొదలవుతుంది.