ఒక ప్రొఫెసర్ ఆదివారాలన్నీ తినేసిన 21 అంకెల సంఖ్య

ఈ ఎపిసోడ్‌లో ఒక సంఖ్య చరిత్ర చెప్పుకుందాం. 67 రెండ్లను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. 147573952589676412927 వస్తుంది. మొత్తం 21 అంకెలు. ఇది ప్రధాన సంఖ్యా, కాదా? అది తేలడానికి 232 ఏళ్ళు పట్టింది. దాని కారణాంకాలు దొరకడానికి ఇంకో 27 ఏళ్ళు.

1644లో ఫ్రాన్స్‌లో మారిన్ మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఒక జాబితా అచ్చువేశాడు. ఎన్ని రెండ్లు గుణించి 1 తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో చెప్పే జాబితా అది. అందులో 67 ఉంది. అంత పెద్ద సంఖ్యను ఆయన చెక్ చేసి ఉండడు, ఆ రోజుల్లో చెయ్యడం కుదరదు కూడా. అయినా పేరున్న మనిషి కదా, మాట నిలబడిపోయింది.

మనం స్కూల్లో ఏం చేస్తాం? 2తో పోతుందా, 3తో పోతుందా అని వర్గమూలం దాకా భాగించి చూస్తాం. 97 అయితే 7 దగ్గర ఆగిపోవచ్చు. మరి మన సంఖ్యకి వర్గమూలమే 1200 కోట్లు దాటుతుంది!

1876లో ఎదువార్ లూకా అనే ఫ్రెంచ్ గణితవేత్త అసలు కారణాంకాలే వెతకలేదు. ఆయన ఆలోచనను 1930లో లెహ్మర్ తీర్చిదిద్దిన రూపం చెప్తాను, 31 మీద చేసి చూడండి. 31 అంటే 5 రెండ్లు గుణించి 1 తీసేస్తే వచ్చేది. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, 31తో భాగించి శేషం ఉంచుకోండి. 14 వస్తుంది. మళ్ళీ అదే చేస్తే 8. మళ్ళీ చేస్తే 0. రెండ్లు 5 కాబట్టి 3 అడుగులే. చివర్లో సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 67కి అయితే 65 అడుగులు. కోట్ల భాగాహారాలతో పోలిస్తే ఇది ఎంత!

లూకా తేల్చింది ఏంటంటే, మెర్సెన్ చెప్పింది తప్పు, ఇది ప్రధాన సంఖ్య కాదు. మరి ఏ సంఖ్యతో పోతుంది? అది ఆయనకీ తెలీదు. నాకు ఈ కథలో అన్నిటికంటే వింతగా అనిపించేది ఇదే. కారణాంకాలు ఉన్నాయని రుజువైంది, ఒక్కటి కూడా చేతికి రాలేదు.

1903 అక్టోబర్ 31న న్యూయార్క్‌లో, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ మీటింగ్‌లో, ఫ్రాంక్ నెల్సన్ కోల్ జవాబు చూపించాడు. 193707721, 761838257287. ఒక్క మాట మాట్లాడకుండా బోర్డు మీద గుణకారం చేసి కూర్చున్నాడని, హాలంతా చప్పట్లు కొట్టిందని, మూడేళ్ళ ఆదివారాలు దీనికే పోయాయని ఇ.టి. బెల్ రాశాడు. బెల్ కథలకు కాస్త మసాలా వేసే రచయిత. చప్పట్ల సంగతి ఎలా ఉన్నా లెక్క మాత్రం నిజం. ఫోన్‌లో కొట్టి చూడండి, చాలా క్యాలిక్యులేటర్లు చివరి అంకెలు చూపించవు కూడా.

మూడేళ్ళు ఎందుకు? 1640ల నాటికే ఫెర్మాకి ఒక దారి తెలుసు. 11 రెండ్లు గుణించి 1 తీసేస్తే 2047. అది 23 ఇంటూ 89. 23 అంటే 22కి 1 కలిపింది, 89 అంటే 88కి 1 కలిపింది. రెండూ 22 గుణిజాల పక్కనే ఉన్నాయి! అలాగే 67కి అయితే 134 గుణిజాల పక్కనే వెతకాలి. కోల్ చిన్న కారణాంకం వాటిలో ఎన్నోదో తెలుసా? 14,45,580వది. ఇంకా ఎన్నో జల్లెడలు పట్టి ఆ గుంపును తగ్గించుకుంటే తప్ప చేత్తో అయ్యే పని కాదు.

1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ ఈ తేడా మీదే ఒక తాళం తయారుచేశారు. అదే ఆర్‌ఎస్‌ఏ. పెద్ద ప్రధాన సంఖ్యలు రెండు పట్టుకోవడం, గుణించడం ఈజీ, మళ్ళీ విడగొట్టడమే కష్టం. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ అయిపోయిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఏ సంఖ్య ఇచ్చినా ప్రధానమా కాదా అని అదృష్టం మీద ఆధారపడకుండా వేగంగా తేల్చే పద్ధతి ఇచ్చారు. మరి తాళాలు విరిగాయా? లేదు. అది కూడా లూకా లెక్కలాంటిదే, అవునో కాదో చెప్తుంది, కారణాంకాలు ఇవ్వదు. 2020లో 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్య ఒకదాన్ని విడగొట్టారు. ఇప్పుడు మామూలుగా వాడే ఆర్‌ఎస్‌ఏ తాళంలో ఉండేది 617 అంకెల సంఖ్య.