ప్రసూతి సెలవు – ఖర్చు ఎవరిది? అండమాన్ దీవుల నుంచి ఒక చరిత్ర పాఠం



తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్ళడం మన ఇళ్ళలో ఆనవాయితీ. అత్తవారిల్లు విశాఖపట్నం, పుట్టిల్లు శ్రీకాకుళం అయితే అది కొద్ది గంటల ప్రయాణం. అదే అమ్మాయి అండమాన్ దీవుల్లో ఉద్యోగం చేస్తుంటే? మధ్యలో సుమారు 1,200 కిలోమీటర్ల బంగాళాఖాతం ఉంది. ఓడలో రెండున్నర, మూడు రోజులు పడుతుంది. నెలలు నిండాక ఆ ప్రయాణం మంచిది కాదు. కాబట్టి ఆ ఇంట్లో మూడు ప్రశ్నలు పుడతాయి. ఎప్పుడు బయలుదేరాలి? ఎన్ని రోజులు సెలవు దొరుకుతుంది? ఆ రోజులకు డబ్బు ఎవరు ఇస్తారు? ఈ పాఠంలో మూడో ప్రశ్న చరిత్రను ముఖ్యంగా పరిశీలిద్దాం.

ప్రశ్న ఎలా మొదలైంది?

1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక సమావేశం ఒక ఒడంబడికను ఆమోదించింది. కాన్పుకు ముందు ఆరు వారాలు, తరువాత ఆరు వారాలు స్త్రీ కార్మికురాలికి సెలవు, భృతి ఇవ్వాలని దాని సారాంశం. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి బిల్లు ప్రవేశపెట్టారు. అది నెగ్గలేదు.

తరువాత ఈ ప్రయత్నం రాష్ట్రాలకు చేరింది. 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో ఇటువంటి బిల్లును సమర్థిస్తూ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ మాట్లాడారు. తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు కాబట్టి ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలని ఆయన వాదించారు. అయితే 1929లో వచ్చిన బొంబాయి చట్టం ఆ భారాన్ని యజమానులపైనే పెట్టింది. మద్రాసు రాష్ట్రం 1934లో తన చట్టం చేసింది. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసులో భాగం కనుక అక్కడి కర్మాగారాల స్త్రీలు ఈ చట్టం కిందికి వచ్చారు.

యజమాని ఒక్కడే భరించాలంటే ఏమవుతుందో ఆలోచించండి. స్త్రీలను పనిలోకి తీసుకోవడానికే అతడు వెనుకాడవచ్చు. అంబేద్కర్ లేవనెత్తిన ప్రశ్న బలం అక్కడే ఉంది.

దీవుల ప్రత్యేకత

1858 మార్చిలో బ్రిటిష్ వారు అండమాన్‌లో ఖైదీల స్థావరాన్ని ప్రారంభించారు. అక్కడికి మహిళా ఖైదీలను కూడా పంపారు. వారిలో కొందరు అక్కడే వివాహం చేసుకుని స్థిరపడ్డారు. వారి సంతతిని స్థానికంగా ‘లోకల్ బార్న్’ అంటారు. శిక్షగా చేసే పనిలో కాన్పు సెలవు హక్కు అన్న మాటకు తావు లేదు. పని ఇచ్చేదీ, తిండి పెట్టేదీ, ఆసుపత్రి నడిపేదీ అన్నీ ప్రభుత్వమే.

స్వాతంత్య్రం తరువాత ఈ దీవులు కేంద్రపాలిత ప్రాంతం అయ్యాయి. ప్రభుత్వం పెద్ద యజమానిగా కొనసాగింది, కానీ ఇప్పుడు ఉద్యోగికి హక్కులు వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి మనవారు చేపల వేటకు, కూలి పనులకు, ఉద్యోగాలకు అక్కడికి చేరారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని సుమారు 3.8 లక్షల మందిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

ఉద్యోగినికి ఏం దొరికింది?

కేంద్రపాలిత ప్రాంతం కనుక అక్కడి పర్మినెంటు ఉద్యోగులకు కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నిబంధనలు, 1972 వర్తిస్తాయి. ప్రసూతి సెలవు మొదట 90 రోజులు. 1997లో 135, 2008లో 180 రోజులు అయింది. ఈ కాలానికి పూర్తి జీతం ఇస్తారు. 2008లోనే 730 రోజుల శిశు సంరక్షణ సెలవు కూడా వచ్చింది. తండ్రికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. భార్య పుట్టింట్లో ఉంటే, ఓడలో రానుపోను ఆరు రోజులు పోగా బిడ్డ దగ్గర ఉండేది తొమ్మిది రోజులే. చట్టం రోజులు లెక్కిస్తుంది, దూరం లెక్కించదు.

కర్మాగారాలు, తోటలు, గనుల స్త్రీలకు 1961 ప్రసూతి ప్రయోజన చట్టం దేశవ్యాప్తంగా 12 వారాలు ఇచ్చింది. 1988 సవరణ పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణాలను కూడా దీని కిందికి తెచ్చింది. 2017లో, ఇద్దరు పిల్లల వరకు సెలవు 26 వారాలు అయింది. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ముందుగానే ఓడ ఎక్కవలసిన దీవుల తల్లికి ఈ వెసులుబాటు ఎంత ముఖ్యమో గమనించండి. అర్హతకు అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 26 వారాలు, 80 రోజుల నియమాలు అందులోనూ ఉన్నాయి.

మరి రోజు కూలీల సంగతి? ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ మహిళా కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పు ఇచ్చింది. రోజువారీ వేతనంపై పనిచేసే స్త్రీకి కూడా ప్రసూతి ప్రయోజనం దక్కాలన్నది. ప్రభుత్వ శాఖల్లో మజ్దూర్లుగా పనిచేసేవారు ఉన్న దీవులకు ఈ తీర్పు ఎంతో అవసరమైనది.

గంప నెత్తిన పెట్టుకున్న తల్లి

పూర్వం పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన రాజధానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊరిలోని జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. చేపల గంపతో అమ్మకానికి వెళ్ళే స్త్రీకి యజమాని లేడు. యజమాని లేనిచోట యజమాని భరించే సెలవు కూడా లేదు. 2013 ఆహార భద్రతా చట్టం, జీతంతో సెలవు దొరకని తల్లులకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తుంది.

ఒక లెక్క వేద్దాం. రోజుకు 500 రూపాయలు సంపాదించే స్త్రీ అనుకుందాం. చట్టం కింద 26 వారాలకు, అంటే 182 రోజులకు, ఆమెకు 91,000 రూపాయలు రావాలి. యజమాని లేని స్త్రీకి అందే 5,000 రూపాయలు పది రోజుల సంపాదనతో సమానం. ఇద్దరి పురిటి నొప్పులు ఒక్కటే. ఇద్దరు బిడ్డలకూ తల్లిపాలు ఒక్కటే. మిగిలిన 172 రోజుల ఖర్చు ఆ కుటుంబం అప్పు చేసో, తల్లి త్వరగా పనికి వెళ్ళో తీర్చుకుంటుంది.

ముగింపు

1919 నుంచి సెలవు రోజులు పెరిగాయి, వర్తించే చోట్లు పెరిగాయి. కానీ 1928లో అడిగిన ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు రాలేదు. మీ ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మలను అడగండి: మీరు పుట్టినప్పుడు, మీ అమ్మ పుట్టినప్పుడు ఎన్ని రోజులు పని మానగలిగారు? ఆ రోజులకు ఇల్లు ఎలా గడిచింది? వారి జవాబులను ఈ పాఠంలోని సంవత్సరాల పక్కన రాసుకోండి. చట్టం మీ ఇంటికి ఎప్పుడు చేరిందో, అసలు చేరిందో లేదో మీకే తెలుస్తుంది.