ముట్లుడిగే వయసులో నిద్రలేమి: హార్మోన్లు లేని వైద్యం, ఉద్దానం కిడ్నీలు

ముట్లుడిగే వయసులో నిద్ర చెడడానికి ఒక ముఖ్య కారణం రాత్రిళ్లు వచ్చే వేడి ఆవిర్లు. ఒళ్లంతా చెమట పట్టి మెలకువ వస్తుంది, మళ్లీ కునుకు పట్టదు. మన దేశంలో ముట్లు సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతాయి. పలాస జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే, పప్పు ఒలిచే ఆడవాళ్లకు అది ఇంకా కూలికి వెళ్లే వయసే. రాత్రి నిద్ర లేకపోయినా పొద్దున్నే పనిలో ఉండాలి.

ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా దీనికి ప్రధాన వైద్యం ఈస్ట్రోజెన్ హార్మోనే. 2002 జూలైలో అమెరికాలో 16,608 మందిపై సాగుతున్న విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరీక్షను మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం ఎక్కువయ్యాయి. వారి సగటు వయసు 63 ఏళ్లు. కొత్తగా ముట్లుడిగినవారికి ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయకూడదని తర్వాత తేలినా, భయం మాత్రం పోలేదు.

హార్మోన్లు లేకుండా వాడిచూసిన తొలి మందులు వేరే జబ్బులవి. 2000లో వెలువడిన ఒక పరీక్షలో రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికి డిప్రెషన్ మందు వెన్లఫాక్సిన్ ఇస్తే ఆవిర్లు తగ్గాయి. 2003లో మూర్ఛ మందు గాబాపెంటిన్‌తోనూ ఫలితం కనిపించింది. 2013లో తక్కువ మోతాదు పరోక్సిటిన్‌కు అమెరికా అనుమతి దొరికింది.

ఆవిర్లు పుట్టే చోటునే పట్టుకునే మందులు ఆ తర్వాత వచ్చాయి. ముట్లుడిగిన స్త్రీల మెదడులో, హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు ఉబ్బుతాయనీ, వాటిలో న్యూరోకైనిన్ బి అనే సంకేత రసాయనం ఎక్కువగా తయారవుతుందనీ నవోమీ రాన్స్ 1990ల మొదట్లో చూపారు. ఆ సంకేతాన్ని అడ్డుకునే ఫెజోలినెటాంట్‌కు 2023 మేలో, ఎలిన్‌జానెటాంట్‌కు 2025లో అమెరికా అనుమతి వచ్చింది. రెండో మందు పరీక్షల్లో నిద్రను కూడా విడిగా కొలిచారు.

ఈ మందులను పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతంలో వాడాలంటే ముందు కిడ్నీ సంగతి చూడాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేనివారికీ కిడ్నీలు పాడవుతున్న సంగతి 1990ల నుంచి వైద్యుల దృష్టిలో ఉంది. ఇటీవలి గ్రామ సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి జబ్బు కనిపించింది. నీరు, ఎండలో పని, నొప్పి మాత్రలు అన్నిటినీ పరిశీలించినా కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. గాబాపెంటిన్ ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. అవి పాడైనవారికి మోతాదు తగ్గించకపోతే మగత, తికమక కమ్ముతాయి. కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవారు ఫెజోలినెటాంట్ అసలు వాడకూడదు. నిద్ర పట్టడం లేదని వచ్చిన ఉద్దానం స్త్రీకి మందు రాసేముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడడం అందుకే తప్పనిసరి.

కిడ్నీ మీద భారం వేయని వైద్యమూ పరీక్షకు నిలిచింది. ముట్లుడిగే దశ ఇబ్బందులకు వైద్యాలను పరీక్షించే ఎంఎస్‌ఫ్లాష్ పరిశోధన బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 106 మంది స్త్రీలు పాల్గొన్నారు. కొందరికి ఎనిమిది వారాల్లో ఆరుసార్లు ఫోన్లోనే నిద్ర అలవాట్లు నేర్పారు: నిద్ర వచ్చినప్పుడే పక్క ఎక్కడం, పట్టకపోతే లేచి కూర్చోవడం, రోజూ ఒకే వేళకు లేవడం. ఆరు నెలల దాకా వారి నిద్ర మెరుగ్గానే ఉంది. ఆసుపత్రి దూరమైన ఊళ్లకు ఇంతకంటే అనువైన పద్ధతి దొరకడం కష్టం. అదే బృందం యోగాను పరీక్షిస్తే ఆవిర్లు తగ్గలేదు గానీ నిద్రలేమి కొంత తగ్గింది. డయాలసిస్‌లో ఉన్నవారి సంగతి వేరు. కాళ్ల అలజడి, దురద కూడా వారిని నిద్రపోనివ్వవు కాబట్టి, తప్పు ముట్లుడగడానిదే అనుకునేముందు వాటిని విడిగా చూసి వైద్యం చేయాలి.