గాలి, అండం, కోల్‌కతా: సాల్ట్ లేక్ దగ్గర కలిసే రెండు చరిత్రలు

మన నోట్స్‌లో వాయు కాలుష్యం జీఎస్-3 ఫైల్లో ఉంటుంది. టెస్ట్ ట్యూబ్ బేబీ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఒక లైను. ఈ రెండూ ఒకే చిరునామాకు చేరే చోటు ఒకటుంది: కోల్‌కతా తూర్పు అంచున ఉన్న సాల్ట్ లేక్. అక్కడి సెక్టార్ త్రీలో పశ్చిమ బెంగాల్ కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం పరిబేశ్ భవన్ ఉంది. అదే సెక్టార్‌లో, డాక్టర్ బైద్యనాథ్ చక్రవర్తి 1986లో స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రీప్రొడక్టివ్ మెడిసిన్ ఉంది. ఒకరు గాలిని కొలుస్తారు, ఒకరు పిల్లలు లేని దంపతులకు చికిత్స చేస్తారు. ఈ రెండు పనులకూ సంబంధం ఉందని ప్రపంచానికి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఆ కథలో కోల్‌కతాకు మనం అనుకునేదానికంటే పెద్ద పాత్రే ఉంది.

సాల్ట్ లేక్ గురించి ప్రిలిమ్స్‌కు పనికొచ్చేంత: ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ కాలంలో, 1962లో, హుగ్లీ నది ఒండ్రును పైపుల ద్వారా తెచ్చి ఉప్పునీటి చిత్తడి నేలలను పూడ్చడం మొదలైంది. నగర ప్రణాళిక యుగోస్లావియా వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్‌ది. కిక్కిరిసిన కలకత్తాకు ఊపిరాడే చోటు కావాలన్నది ఉద్దేశం. బీటెక్ అయ్యాక కొన్నాళ్లు సెక్టార్ ఫైవ్‌లో ఉద్యోగం చేశాను. చెట్లు, విశాలమైన రోడ్లు నిజమే. డిసెంబర్ పొద్దున పూట మసక మాత్రం పాత నగరానికీ దీనికీ తేడా చూపించదు.

ఆ మసక కొత్తది కాదు. జూట్ మిల్లులు, బొగ్గు పొయ్యిలు, ఆవిరి ఓడల పొగ మీద కలకత్తా, హౌరాలకు 1863లోనే చట్టం వచ్చింది. 1905లో బెంగాల్ స్మోక్ న్యూసెన్సెస్ యాక్ట్ వచ్చింది. ఆ పేరు గమనించండి, 'న్యూసెన్స్'. కంటికి కనిపించే నల్ల పొగ ఒక చికాకు, అంతే. చిమ్నీలోంచి వచ్చే పొగ ఎంత నల్లగా ఉందన్నదే అప్పటి కొలత. దేశవ్యాప్త వాయు చట్టం 1981లో వచ్చింది. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను కోల్‌కతా రోడ్ల నుంచి తప్పించమని కలకత్తా హైకోర్టు 2008లో ఆదేశించింది. ఇన్నేళ్లూ చర్చ ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగింది.

ఇక రెండో చరిత్ర. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. 70 రోజులు తిరిగేలోపు, అక్టోబర్ 3న, కలకత్తాలో 'దుర్గ' అని పిలిచిన పాప పుట్టింది. వెనుక ఉన్నవారు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ, క్రయోబయాలజీ నిపుణుడు సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్ట్ సరోజ్ కాంతి భట్టాచార్య. 'రెండో టెస్ట్ ట్యూబ్ బేబీ' అని రాసి వదిలేస్తాం కానీ అసలు విశేషం పద్ధతిలో ఉంది. లూయిస్ విషయంలో తల్లి సహజ చక్రంలో దొరికిన ఒక్క అండాన్నే వాడారు. సుభాష్ హార్మోన్లతో ఎక్కువ అండాలు తయారయ్యేలా చేశారు. పిండాన్ని శీతలీకరించి 53 రోజులు భద్రపరిచారు. ఆ తర్వాత మరో నెలసరి చక్రంలో, మందుల ప్రభావం లేని గర్భాశయంలోకి పంపారు. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నది దాదాపు ఇదే.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. జపాన్ వెళ్లి తన పని వివరించడానికి ఆయనకు అనుమతి దొరకలేదు. 1981లో కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. హార్మోన్ల మీద జీవితమంతా పనిచేసిన మనిషిని కంటి ఆసుపత్రికి! ఆ ఏడాది జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో హర్ష పుట్టుకకు కారకుల్లో ఒకరైన టి.సి. ఆనంద్ కుమార్, సుభాష్ కాగితాలు చదివి, మొదటి ఘనత తనది కాదు, ఆయనదేనని 1997లో కరెంట్ సైన్స్‌లో రాశారు. ఎథిక్స్ పేపర్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

యాదృచ్ఛికమే కానీ, అదే 1997లో గాలి ఈ కథలోకి వచ్చింది. జాక్వెస్ కోహెన్ బృందం ఐవీఎఫ్ ల్యాబ్ గాలిని పరీక్షించి, అందులో ఆవిరయ్యే కర్బన రసాయనాలున్నాయని చూపింది. పిండానికి చర్మం, కాలేయం, ఊపిరితిత్తులు ఏవీ ఉండవు. గాలిలో ఉన్నది నేరుగా దాన్ని తాకుతుంది. హెపా ఫిల్టర్ ధూళిని ఆపుతుంది, వాయువులను ఆపలేదు. అందుకే యాక్టివేటెడ్ కార్బన్ కూడా కావాలి. మన ఐసీఎంఆర్ 2005 మార్గదర్శకాలు కూడా ఎంబ్రియాలజీ ల్యాబ్‌కు వడకట్టిన గాలి ఉండాలన్నాయి. ల్యాబ్ సమస్య ఇంజనీరింగ్‌తో చాలావరకు తీరేదే.

ల్యాబ్ బయట పీల్చిన గాలి సంగతేమిటి? 2010లో లెగ్రో బృందం అమెరికా ఈశాన్య ప్రాంతంలో మొదటిసారి ఐవీఎఫ్ చేయించుకున్న 7,403 మంది మహిళల వివరాలు చూసింది. ఇంటి దగ్గరైనా క్లినిక్ దగ్గరైనా నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగితే సజీవ జననాలు తగ్గాయి. కానీ ఒక చిక్కు మిగిలింది. మామూలు చక్రంలో అండం తీయడం, పిండం పెట్టడం కొద్ది రోజుల తేడాతో జరుగుతాయి. గాలి దెబ్బతీసింది అండాన్నా, గర్భాశయాన్నా? విడదీయడం కష్టం.

విడదీసింది శీతలీకరణే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో సెబాస్టియన్ లెదర్సిచ్ బృందం 3,659 శీతలీకరించిన పిండాల బదిలీలను పరిశీలించి 2024లో ఫలితాలు ప్రకటించింది. అండం తీసిన నెల వేరు, పిండం పెట్టిన నెల వేరు కాబట్టి రెండు గాలులనూ విడిగా లెక్కించవచ్చు. అండం తీయడానికి ముందు రెండు వారాల్లో పీఎం10 అత్యధికంగా ఉన్న వర్గంలో, అత్యల్ప వర్గంతో పోలిస్తే, సజీవ జననం ఆడ్స్ 38 శాతం తక్కువ. బదిలీ నాటి గాలితో దీనికి నిమిత్తం లేదు. అంటే దెబ్బ అండం తయారీలోనే పడుతోందని సూచన. ఇది సహసంబంధమే తప్ప కార్యకారణ నిరూపణ కాదు, జవాబులో ఆ మాట తప్పక రాయండి. సుభాష్ కలకత్తాలో వాడి, నమ్మించలేకపోయిన విధానమే ఈ ప్రశ్నకు తాళంచెవి అయింది.

పెర్త్‌లో ఆ 'అత్యధిక' వర్గం ఘనపు మీటరుకు సుమారు 18 నుంచి 35 మైక్రోగ్రాములు. మన జాతీయ ప్రమాణం పీఎం10కి ఏడాది సగటు 60, రోజుకు 100. కోల్‌కతా శీతాకాలంలో ఆ 100 దాటడం వింతేమీ కాదు.

'అండం' అనగానే మన ఇళ్లల్లో వేలు ఎటు చూపిస్తుందో తెలుసు. అందుకే డెన్మార్క్ అధ్యయనాన్ని పక్కనే పెట్టుకోవాలి. 2024లో బీఎంజేలో వచ్చిన ఆ పరిశోధన 5 లక్షలకు పైగా పురుషులను అనుసరించింది. అయిదేళ్ల సగటు పీఎం2.5 కేవలం 2.9 మైక్రోగ్రాములు పెరిగితే, 30-45 ఏళ్ల పురుషుల్లో వంధ్యత్వ ప్రమాదం 24 శాతం ఎక్కువ. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ అతను ఏ ట్రాఫిక్‌లో గడిపాడో ఎవరూ అడగరు. లక్షలు ఖర్చయి చికిత్స విఫలమైతే ప్రశ్నలన్నీ ఆమెకే.

చట్టం వైపు చూస్తే రెండు గదులు అలాగే ఉన్నాయి. 2019 జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో కోల్‌కతా ఉంది, కానీ దాని లక్ష్యం ధూళి శాతాల్లోనే. ఏఆర్‌టీ నియంత్రణ చట్టం 2021 ప్రకారం జాతీయ రిజిస్ట్రీ ఉంది, క్లినిక్కుల సేవలు, వాటి ఫలితాలు అందులో చేరాలి. బిధాన్‌నగర్‌లో గాలిని నిరంతరం కొలిచే కేంద్రమూ ఉంది. పేర్లు తీసేసి, అండం తీసిన తేదీ, పిన్‌కోడ్ రెండూ రిజిస్ట్రీలో నమోదు చేస్తే చాలు, పెర్త్ చేసిన లెక్క సాల్ట్ లేక్‌లోనూ చేయవచ్చు. కొత్త యంత్రం అక్కర్లేదు. మెయిన్స్‌లో 'ముందుకు మార్గం' కింద నేను రాసేది ఇదే.