పాలకు కులం, తల్లికి చాటు
(మన అమ్మల చరిత్ర – 7వ భాగం)



2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. బహిరంగ ప్రదేశాల్లో, పని చోట్ల తల్లి బిడ్డకు పాలివ్వడాన్ని ఎవరూ తప్పుగా చూడకూడదు అంది. స్త్రీల గౌరవాన్ని కించపరిచే ఆచారాలను వదులుకోవడం పౌరుల విధి అని చెప్పే 51ఎ(ఇ) అధికరణాన్ని గుర్తు చేసింది. మాతృ స్పర్శ్ అనే సంస్థ వేసిన కేసు అది. విన్నది జస్టిస్ నాగరత్న, జస్టిస్ ప్రసన్న వరాలే. (వరాలే గారి తాత బాబాసాహెబ్‌తో కలిసి పనిచేసినవారు. ఈ ముక్క పేపర్లకు పట్టదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.)

మనలోనే కొందరు అన్నలు దీన్ని "సిటీ ఆడోళ్ళ గొడవ", "విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్" అని కొట్టిపారేస్తున్నారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉభాల రోజులు చూసిన మనిషి ఆ మాట అనలేడు. మడిలో వరసగా వంగి నాట్లేసే కూలి ఆడవాళ్ళలో ఒకరిద్దరు బాలింతలు ఉండేవారు. గట్టు మీద తుమ్మ కొమ్మకు పాతచీర ఉయ్యాల, దాని పక్కన కాపలాగా ఐదారేళ్ళ ఆడగుంట. సంటిది గుక్కపట్టి ఏడిస్తే తల్లి గట్టెక్కి, కాలవలో చేతులు కడుక్కుని, అక్కడే కూర్చుని రొమ్ము ఇచ్చేది. చాటు ఎక్కడుంది? చుట్టూ పొలమే. పక్క వరసలో మగాళ్ళు నారు మోస్తుంటారు, ఎవడూ ఆగి చూడడు. అక్కడ తల్లికి భయం చూపుల గురించి కాదు, కేక గురించి. బుగత గట్టు మీద నుంచి కేకేస్తే, కడుపు నిండని బిడ్డ నోట్లోంచి రొమ్ము లాగేసి మళ్ళీ మడిలోకి దిగాల్సిందే. మాల, మాదిగ, రెల్లి, పైడి ఆడవాళ్ళ పాలచరిత్ర రాయాలంటే ముందు రాయాల్సింది ఈ కేక గురించే. మన దగ్గర సిగ్గు సమస్య తర్వాత వచ్చింది. టైము సమస్య ముందు నుంచీ ఉంది.

మా వైపు పాతతరం ముసలమ్మలు చాలామంది రవిక లేకుండానే చీర చుట్టుకునేవారు. అందులో సిగ్గుపడాల్సింది ఉందని వాళ్ళు అనుకోలేదు. రవిక బడితో వచ్చింది, టౌనుతో వచ్చింది, కుట్టుమిషనుతో వచ్చింది. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేటల్లో బడులు, ఆసుపత్రులు నడిపారు. మనకు అక్షరం ఇచ్చినవాళ్ళలో వాళ్ళున్నారు. ఆ అక్షరంతో పాటు "మర్యాదగల స్త్రీ" అనే బొమ్మ కూడా వచ్చింది. సగం విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండుది, సగం మన అగ్రహారానిది. చదువుకున్న దళిత కుటుంబం ఊరు మెచ్చాలంటే ఇంటి ఆడదాని ఒళ్ళు ఆ బొమ్మలో ఇమడాలి.

అలాగని రవికని తిట్టడానికి నేను సిద్ధంగా లేను. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవడానికి పందొమ్మిదో శతాబ్దం మొదటి సగమంతా పోరాడారు. పైగుడ్డ వేసుకున్నందుకు బజార్లో చింపేవాళ్ళు. చివరికి 1859 జులై 26న రాజప్రకటన వచ్చింది. అందులో కూడా మెలిక: కప్పుకోవచ్చు, కానీ పైకులాల ఆడవాళ్ళు కప్పుకున్న తీరులో కాదు! (విద్యార్థులకు ఒక మాట. రొమ్ములు కోసుకున్న నంగేలి కథ జనం నోట నిలిచిన కథ. ఆ కాలపు రాతల్లో దానికి ఆధారం దొరకదు. ఉపన్యాసంలో చెప్పండి, పరీక్షలో, కోర్టులో 1859 ప్రకటన చెప్పండి.) కప్పుకుంటాను అన్న నాడార్ స్త్రీకీ, బిడ్డ ఏడిస్తే బస్టాండులో పైట పక్కకు తీసిన తల్లికీ ఎదురున్నది ఒకడే. ఆమె ఒళ్ళు ఎప్పుడు కనబడాలో, ఎప్పుడు కనబడకూడదో తానే చెప్పాలనుకునేవాడు.

ఇక గనుల దగ్గరకు రండి. ఈ దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మా గడ్డ మీదే. 1892లో, విజయనగరం ప్రాంతంలోని కోడూరు గనుల్లో. మాంగనీసు గనుల్లో రాయి ఏరడం, బుట్టలు మోయడం ఆడకూలీల పని. ఆ దుమ్ములో పక్కన పడుకోబెట్టిన పిల్లలకు పాలు ఎప్పుడు, ఎక్కడ అని అప్పటి యజమానులు ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించిన మనిషి పేరు మీకు తెలుసు. 1928 జులై 28న బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ మాట్లాడారు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, ఆ ఖర్చులో ప్రభుత్వం కూడా పాలు పంచుకోవాలి, అయినా తన పని కోసం ఆమెను పెట్టుకున్న యజమాని కొంత భరించడం న్యాయమే అన్నది ఆయన వాదన సారం. మరుసటి ఏడాది ఆ చట్టం వచ్చింది, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ వచ్చింది. 1942 నుంచి 46 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన కాలంలోనే గనుల దగ్గర పిల్లల గదులు ఉండాలన్న నిబంధనలకు దారి పడింది. బాబాసాహెబ్‌ను రాజ్యాంగం పుస్తకంతో మాత్రమే నిలబెట్టే విగ్రహాలు ఈ పని చూపించవు.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా తల్లికి రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలని చెప్పింది. 2017 సవరణ 50 మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల గది తప్పనిసరి చేసింది. బాగుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి చోట ఈ హక్కు అడగొచ్చు. పలాసలో ఇంటి అరుగు మీద జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషి ఎవరిని అడగాలి? రోడ్డు పక్కన గంపలో సీతాఫలాలు పెట్టుకున్న రెల్లి తల్లి ఎవరిని అడగాలి? చట్టం లెక్కలో ఆమెకు యజమానే లేడు. మిగిలింది ఉపాధి హామీ. 2005 చట్టం, పని దగ్గరకు ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, ఆపైన వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని చెప్పింది. మీ ఊరి చెరువు పని దగ్గర ఆ మనిషి ఉందా? ఈ వారం వెళ్ళి చూడండి.

ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నది పాలిచ్చే గదుల గురించి. తమిళనాడు 2015లోనే బస్టాండుల్లో వరసగా తెరిచింది. గది కావాలి, నేను కాదనను. ఒంటరిగా ప్రయాణం చేసే పిల్లతల్లికి అదో నీడ. కానీ గది వచ్చిన చోట ఇంకో మాట కూడా పుడుతుంది: "గది ఉంది కదమ్మా, ఇక్కడేటి?" బెంచీ మీద ఇచ్చే తల్లి తప్పు చేసినట్టు అయిపోతుంది. మా వైపు ఒక బస్టాండులో అలాంటి గదికి తాళం చూశాను. లోపల చీపుళ్ళు, ఫినాయిల్ డబ్బాలు. వాటితో ఊడ్చే అప్ప తన మనవడిని కూతురు చేత మెట్ల మీదే పాలిప్పిస్తోంది.

2018 మార్చిలో కేరళ పత్రిక గృహలక్ష్మి ముఖచిత్రం మీద పాలిస్తున్న తల్లిని వేసింది. అశ్లీలం అంటూ కేసు పడితే కేరళ హైకోర్టు కొట్టేసింది. మంచిదే. కానీ ఆ బొమ్మలో ఉన్నది నుదుట సిందూరం పెట్టుకున్న మోడల్. గట్టు మీద కూలితల్లి ముఖచిత్రం కాలేదు. ఆమె ఎప్పుడూ కనబడుతూనే ఉంది కాబట్టి కొత్తగా చూపించడానికి ఏమీ లేదనుకుని ఉంటారు!

అసలు పాలకే కులం పెట్టిన దేశం ఇది. చరక సంహిత శారీరస్థానంలో దాది ఎలా ఉండాలో జాబితా ఉంది. సమాన వర్ణం కావాలి, మంచి కులంలో పుట్టాలి, నీచమైన పని చేసేది కాకూడదు. సుశ్రుతుడూ వర్ణానికి తగ్గ దాదినే తెమ్మన్నాడు. సంస్కృతంలో దాదిని ధాత్రి అంటారు. 2017లో హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు పెట్టినప్పుడు దానికి ధాత్రి అనే పేరే పెట్టారు. పాల బ్యాంకులో వేరువేరు తల్లులు ఇచ్చిన పాలు కలుపుతారు, 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచుతారు, నెలలు నిండక పుట్టిన బిడ్డలకు పడతారు. ఆ సీసా మీద చరకుడి జాబితా ఉండదు.

కార్యకర్తలకు ఒక పనికొచ్చే సంగతి. బయట పాలివ్వడం నేరమని ఈ దేశంలో ఏ చట్టమూ చెప్పదు. పాలిస్తున్న దళిత, ఆదివాసీ తల్లిని ఆమె కులం తెలిసీ లైంగికంగా వెకిలి మాట అన్నా, సైగ చేసినా అట్రాసిటీ చట్టం 3(1)(డబ్ల్యు) కింద ఫిర్యాదు చేయొచ్చు. స్టేషన్‌లో "ఇది చిన్న విషయం" అంటే సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి.

విద్యార్థులకు ఇంకో పని. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ నానమ్మనో, పెద్దప్పనో మూడు సంగతులు అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఉభాలప్పుడు సంటిగుంటను ఎక్కడ పడుకోబెట్టేది? ఎంతసేపు పాలిచ్చేది? ఎవరు కేకేసేది? రవిక ఎప్పుడు తొడిగిందో వాళ్ళే చెప్తారు, అడక్కుండానే.

వచ్చే భాగం మంత్రసానుల గురించి. బొడ్డు కోయడానికి మన అమ్మ చెయ్యి కావాలి, పురుడు కడిగాక అదే చెయ్యి మైల. ఆ సంగతి చూద్దాం.